ఓనరుగారూ, ఆగస్టులో మాత్రం రాకండి

తెలుగువాడికి గాలి బాగా వీచే చోటు కనబడితే ముందు ఊపిరి పీల్చుకోవాలనిపించదు, ఇక్కడ గజం ఎంతుందో కనుక్కోవాలనిపిస్తుంది. అరకులో కనుక్కుంటాడు, ఊటీలో కనుక్కుంటాడు, శ్రీశైలంలో దర్శనం క్యూలో నిలబడి పక్కవాణ్ణి కనుక్కుంటాడు. మా బావమరిది టర్కీలో కనుక్కున్నాడు. అంతకుమించి వాడు చేసిన నేరమేం లేదు.

వాడుండేది ఇంగ్లండులో, రెడింగు ఊళ్ళో. సాఫ్ట్‌వేరు. వాడి భార్య అక్కడే ఒక స్కూల్లో టీచరు. ఇద్దరు పిల్లలు. రెడింగులో ఉంటున్న ఇల్లు కాక నిజాంపేటలో ఫ్లాటు, తెనాలి అవతల అమ్మమ్మ రాసిచ్చిన ఎకరం మాగాణి, అమరావతిలో ఒక బిట్టు ఉన్నాయి. ఆ బిట్టు ఎన్నికల ఫలితాలను బట్టి లేస్తూ కూర్చుంటూ ఉంటుంది, దాంతోపాటు వీడి బీపీ కూడా. ఇన్ని ఉన్నా సముద్రం పక్కన ఒక్క గదైనా లేదన్న వెలితి వాణ్ణి పీడిస్తోంది. సూర్యలంకలో కొనుక్కోరా, తెనాలికి దగ్గర అన్నాను. "అక్కడ పౌండ్లలో అద్దె రాదు బావా" అన్నాడు.

వాడి సిద్ధాంతం ఏమిటంటే, ఇల్లు మనం కొనం. అద్దెకొచ్చేవాళ్ళు మనకు కొనిపెడతారు. మనం సెలవులకు వెళ్ళి హాయిగా ఉండి వస్తాం. నేను బ్యాంకులో గృహరుణాల బల్ల దగ్గర జుట్టు నెరిపించుకున్నవాణ్ణి. ఈ మాట అప్పుకు వచ్చిన ప్రతి ఆశావాది నోటా విన్నాను. విన్నప్పుడల్లా ఇంకో జామీనుదారుణ్ణి తెమ్మనేవాణ్ణి.

ఇంగ్లండు చూద్దామని వెళ్ళిన నన్నూ మా ఆవిడనూ వాడు, అక్టోబరు చివర పిల్లలకిచ్చే వారం సెలవుల్లో, దిదిమ్ తీసుకెళ్ళాడు. ఇంగ్లండు వీసా చేతిలో ఉన్న భారతీయులకు టర్కీ ఈ-వీసా ఇంట్లో కూర్చునే వస్తుంది. ఈ వ్యవహారం మొత్తంలో సులువుగా జరిగిన పని అదొక్కటే.

దిదిమ్ ఏజియన్ సముద్రపు ఒడ్డున, బోద్రుమ్‌కు ఉత్తరాన ఉంది. ఊరికి ఒక పక్క రెండువేల ఏళ్ళు దాటిన అపోలో గుడి, ఇంకో పక్క ఆల్తిన్‌కుమ్ బీచి. మధ్యలో ఉన్నదంతా ఫ్లాట్లు. 2000 తర్వాతి తొలి ఏళ్ళలో బ్రిటిష్‌వాళ్ళు ఇక్కడికి ఎగబడి వచ్చి ఇళ్ళు కొన్నారు. వాళ్ళతోపాటు వాళ్ళ ఉదయపు గుడ్లూ, బీన్సూ, ఆదివారపు రోస్టు మాంసమూ కూడా వచ్చి బోర్డులెక్కి కూర్చున్నాయి. మేం వెళ్ళేసరికి సీజను అయిపోయింది. బీచి వెంట గొడుగులు మడిచి, కుర్చీలకు గొలుసులు వేస్తున్నారు. తీరిగ్గా కనిపించినవాళ్ళు పిల్లులు, రియల్ ఎస్టేట్ ఏజెంట్లు.

టర్కీవాళ్ళు వరస కలపడంలో మనకేమీ తీసిపోరు. ఏజెంటు కుర్రాడు మా బావమరిదిని 'ఆబీ' అన్నాడు, అంటే అన్న. నేను 'అమ్‌జా', బాబాయిని. మా ఆవిడ 'తేయ్‌జే', పిన్ని. అయిదు నిమిషాల్లో మేమంతా ఒక ఇంటివాళ్ళమైపోయాం, ఇక ధర గట్టిగా అడగడం మర్యాద కాదు. ఆ ఆఫీసులో ఏ ప్రశ్నకైనా ముందు టీ వస్తుంది. నడుము సన్నగా ఉన్న చిన్న గాజు గ్లాసు, కింద సాసరు, అంచున రెండు చక్కెర బిళ్ళలు. ధర అడిగితే టీ వచ్చింది. సముద్రం ఎంత దూరమంటే ఇంకో టీ వచ్చింది. లిఫ్టు ఎందుకు ఆగిపోయిందని అడిగినప్పుడు టీతోపాటు బిస్కెట్లు కూడా వచ్చాయి. దాన్నిబట్టి ఏ ప్రశ్న ఎంత బరువైనదో నేను లెక్క కట్టుకోసాగాను.

మొదటి ఫ్లాటు 2+1. అంటే రెండు పడగ్గదులు, ఒక హాలు. వంటిల్లు హాల్లోనే కలిసి ఉంటుంది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఇక్కడ ఇంగువ పోపు వేస్తే నెల రోజులు సోఫా వాసనొస్తుంది" అంది. మా బావమరిదికి ఇవేం వినపడటం లేదు. వాడు బాల్కనీలో సముద్రాన్ని వెతుకుతున్నాడు. కుడి మూలకు వెళ్ళి, రెయిలింగు పట్టుకుని, ఎడమకాలు కాస్త ఎత్తి మెడ చాస్తే, ఎదుటి రెండు బిల్డింగుల సందులో, డాబా మీది సోలార్ హీటరు పక్కన, ఒక నీలం గీత కనిపించింది. "సీ వ్యూ!" అన్నాడు ఏజెంటు. ఇదే ప్లానులో ఇదే అంతస్తులో వెనకవైపు ఫ్లాటు ఎంతని అడిగాను. పదివేల పౌండ్లు తక్కువ. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. గీత వెడల్పు బెత్తెడు. సముద్రాన్ని బెత్తెల లెక్కన అమ్మడం మొదటిసారి చూస్తున్నాను. సముద్రానికి అయిదువందల మీటర్లే అన్న మాట కూడా అబద్ధం కాదు. కాకపోతే ఆ కొలత కాకికి. మనిషి రోడ్డు వెంట చుట్టు తిరిగి వెళ్ళాలి.

ఈలోగా మా ఆవిడ ఫోనులో దిక్సూచి తీసింది. "ఒరేయ్, సముద్రం దక్షిణాన ఉందిరా. దక్షిణాన నీళ్ళు పనికిరావు."

"అక్కా, సముద్రాన్ని జరపలేం."

"ఇల్లు మానేయొచ్చుగా."

గుమ్మం మీద వేలాడుతున్న నీలం గాజు కన్ను మాత్రం ఆవిడకు నచ్చింది. టర్కీలో ప్రతి ఇంటికీ, షాపుకీ, చివరికి చంటిపిల్లల చొక్కాకు కూడా అదుంటుంది. దిష్టి తగలకుండా. "గుమ్మడికాయ ఖర్చు కలిసొస్తుంది" అని ఒప్పుకుంది.

నాకు అసలు సంబరం మొదలైంది కాగితాల దగ్గర. మన దగ్గర ఒక ఫ్లాటు మీద అప్పివ్వాలంటే ముప్ఫై ఏళ్ళ ఈసీ, లింకు డాక్యుమెంట్లు, వారసుల సర్టిఫికెట్టు, వాటిలో ఎవరో ఒక మేనత్త సంతకం లేకపోవడం, ఆవిడ ప్రస్తుతం కాశీలో ఉండటం, ఇవన్నీ దాటుకుని రావాలి. టర్కీలో ఇంటి హక్కుకు 'తాపు' అని ఒకే ఒక్క కాగితం. ఆ రిజిస్ట్రీని ఒట్టోమన్ల కాలంలో, 1847లో పెట్టారు. రిజిస్టరు నిర్వహణలో పొరపాటు వల్ల ఎవరికైనా నష్టం జరిగితే బాధ్యత ప్రభుత్వానిదేనని వాళ్ళ సివిల్ కోడ్ 1007వ సెక్షనులో రాసుకున్నారు. అది తెలిశాక నాకు కాసేపు మాట రాలేదు. మన రిజిస్ట్రేషన్ ఆఫీసు దస్తావేజును నమోదు చేసుకుంటుంది తప్ప హక్కుకు పూచీ పడదు. పూచీ పడతామంటూ ఆంధ్రప్రదేశ్‌లో తెచ్చిన ల్యాండ్ టైట్లింగ్ చట్టం 2024 ఎన్నికల్లో ఊరూరా రచ్చై, ఎన్నికలవగానే రద్దయింది. ఆ సంగతి ఎత్తితే మా వీధిలో ఇప్పటికీ కాఫీలు చల్లారిపోతాయి, కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

తాపును చదవక్కర్లేదు, పాతవాటికి అంచు రంగు చూస్తే చాలు. ఎరుపైతే బిల్డింగు పూర్తయి, ఫ్లాటు ఫ్లాటుగా నమోదైందని. నీలమైతే అదింకా స్థలంలో వాటా, కట్టబోయే ఫ్లాటుకు హక్కు. ఏజెంటు సొరుగులోంచి తీసినది నీలం. బిల్డింగుకు పదిహేనేళ్ళ వయసుంటుంది. కొళాయిలో నీళ్ళొస్తున్నాయి, పైఅంతస్తులో ఎవరో మేకులు కొడుతున్నారు, ఈతకొలను గచ్చు పగిలి మరమ్మతు కూడా అయింది. కానీ కాపురానికి తగినదని మునిసిపాలిటీ ఇచ్చే 'ఇస్కాన్' పత్రం ఇంతవరకూ లేదు. కాగితం ప్రకారం మేం నిలబడ్డ గది ఇంకా కట్టనే లేదు. నేను లేచాను. మా బావమరిది బెత్తెడు సముద్రాన్ని వెనక్కి తిరిగి చూసుకుంటూ మెట్లు దిగాడు.

రెండో ఫ్లాటు ఎర్రది. ఇస్కాన్ ఉంది, తాకట్టు లేదు. సముద్రమూ లేదు. బాల్కనీ ఈతకొలను వైపు. "పూల్ వ్యూ" అన్నాడు ఏజెంటు. మొహంలో ఏ మార్పూ లేదు. డెబ్బై అయిదు వేల పౌండ్లు. ఏ సంవత్సరంలో కట్టారని అడిగాను. "చాలా గట్టిది" అన్నాడు. సంవత్సరం అడిగాను. టీ వచ్చింది. తాగి, మళ్ళీ సంవత్సరం అడిగాను. ఇది మాత్రం నవ్వులాట కాదు. 1999 ఆగస్టులో మర్మరా ప్రాంతంలో భూకంపం వచ్చి వేల మంది పోయాకే అక్కడ ఇళ్ళకు భూకంప బీమా తప్పనిసరి చేశారు. 'దాస్క్' అంటారు, 2000లో మొదలైంది. ఆ పత్రం లేకుండా తాపు చేతులు మారదు, కరెంటూ నీళ్ళూ మన పేరుకు రావు. అప్పటినుంచి నిర్మాణ నియమాలూ బిగిశాయి. అందుకే టర్కీలో ఇల్లు చూసేవాడు టైల్సు కన్నా ముందు పుట్టిన తేదీ చూడాలి. 2009 అని చివరికి కాగితంలో దొరికింది.

మిగతా ఖర్చులు ఒకదాని వెనక ఒకటి బయటపడ్డాయి. తాపు మార్పిడి రుసుము నాలుగు శాతం. చట్టం ప్రకారం కొనేవాడూ అమ్మేవాడూ చెరిసగం, ఆచారం ప్రకారం మొత్తం కొనేవాడు. విదేశీయుడు కొంటే విలువ నివేదిక ఉండాలి, 2019 నుంచి. తెచ్చిన డబ్బును బ్యాంకులో లీరాల్లోకి మార్చి, మార్చినట్టు ధ్రువపత్రం తేవాలి, 2022 నుంచి. సంతకం పెట్టేటప్పుడు ప్రమాణం చేసిన దుబాసీ పక్కనుండాలి, ఆయన రుసుము వేరు. ఏజెంటు కమిషను వేరు. మా బావమరిది మొహం వాడిపోతోందని గమనించిన ఏజెంటు ఒక ఊరట ప్రకటించాడు. "ఆబీ, ఇలాంటివి ఓ అయిదు తీసుకుంటే పౌరసత్వం కూడా వస్తుంది." నిజమే. నాలుగు లక్షల డాలర్ల ఆస్తి కొని మూడేళ్ళు అమ్మనని రాసిస్తే టర్కీ పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2018లో దాన్ని పది లక్షల నుంచి రెండున్నర లక్షలకు దించారు, గిరాకీ చూసి 2022లో నాలుగుకు పెంచారు. మన బట్టల షాపులో మూడు చీరలకు ఒకటి ఉచితం, ఇక్కడ అయిదు ఫ్లాట్లకు ఒక దేశం.

ఆ రాత్రి హోటలు గదిలో వాడు నా వైపు తిరిగాడు. "బావా, సగం నువ్వు వేసుకో." ఈ మాట వస్తుందని నాకు బోద్రుమ్ విమానాశ్రయంలో నా సూటుకేసు వాడే మోసినప్పుడే అనుమానం వచ్చింది. రిజర్వు బ్యాంకు ఎల్ఆర్ఎస్ కింద మనిషికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చు, ఇల్లు కూడా కొనొచ్చు, అయితే ఏడాదిలో పంపినది పది లక్షల రూపాయలు దాటితే దాటిన దానిమీద 20 శాతం టీసీఎస్ ముందే పట్టుకుంటారని వివరించాను. ఎల్ఆర్ఎస్ అనగానే మా ఆవిడ దుప్పటిలోంచి లేచి, "అదేంటి, మళ్ళీ లేఅవుటు ఫీజు కట్టాలా?" అంది. పైగా విదేశీ ఆస్తిని ఏటా మన రిటర్నులో చూపించాలి, మరిచిపోతే నల్లధనం చట్టం కింద పది లక్షల జరిమానా ఉంది. నా పింఛను ఆ చట్టం పక్కన నిలబడేంత ఎత్తు లేదని చెప్పి పడుకున్నాను.

వాడు పడుకోలేదు, ఎక్సెల్ తెరిచాడు. పొద్దున్నే నా ముందు పెట్టాడు. వారానికి 500 పౌండ్లు, ఇంటూ 52 వారాలు, ఏడాదికి 26 వేలు. మూడేళ్ళు తిరక్కుండా ఇల్లు ఊరికే వచ్చినట్టు. ఆలు లేదు చూలు లేదు, అల్లుడికి అలకపాన్పు కూడా సిద్ధం చేశాడు.

"జనవరిలో ఎవరొస్తార్రా?"

"రష్యన్లు."

"ఎందుకొస్తారు?"

"వాళ్ళకి చలి అలవాటు బావా."

చలి అలవాటైనవాడు చలి కోసం విమానమెక్కి రాడని వాడికి నచ్చజెప్పడానికి ఒక ఫలహారం పట్టింది. బయట హోటళ్ళకు తాళాలు పడుతున్న చప్పుడు నాకు సాక్ష్యం చెప్పింది. దిదిమ్‌లో సీజను మే మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా. అంటే ఇరవై రెండు వారాలు. అందులో నిండేవి మంచి ఏడాదిలో పద్నాలుగని ఏజెంటే ఒప్పుకున్నాడు. అందులో వాడు వేసుకున్న ధర పలికేది ఒక్క జూలై, ఆగస్టుల్లోనే. తర్వాత ఖర్చుల గడులు. తాళంచెవులిచ్చి దుప్పట్లు మార్చే సంస్థకు అయిదో వంతు. బుకింగు యాప్‌కు దాని వాటా. సముదాయం నిర్వహణకు నెలనెలా 'ఆయిదాత్', అది లీరాల్లో. లీరా పడిపోతోంది కాబట్టి మనకు లాభమే అన్నాడు వీడు. 2022 అక్టోబరులో అక్కడి ప్రభుత్వ లెక్క ప్రకారమే ధరల పెరుగుదల 85 శాతం దాటింది, మరి వాచ్‌మన్ పాత జీతానికే పనిచేస్తాడా? ఇంటిపన్ను మేలో ఒకసారి, నవంబరులో ఒకసారి. అద్దె ఆదాయానికి మార్చిలో అక్కడ లెక్క చెప్పాలి, మళ్ళీ ఇంగ్లండులోనూ చెప్పాలి. ఏసీ వేసి బాల్కనీ తలుపు తీసుకుని కూర్చునే అతిథుల కరెంటు బిల్లు. అన్నీ పోగా చివరి గడిలో మిగిలిన అంకె రెడింగు స్టేషను దగ్గర వాడి కారు పార్కింగుకు సరిపోతుంది.

"అదైనా మీరు వెళ్ళకుండా ఉంటేనే" అన్నాను.

ఇక్కడ మా చెల్లెమ్మ, అంటే వాడి భార్య, చదువుతున్న పుస్తకం మూసింది. ఇంగ్లండులో స్కూళ్ళకు వేసవి సెలవులు జూలై చివరి నుంచి ఆరు వారాలు. మిగతా రోజుల్లో సెలవు పేరుతో పిల్లల్ని బడి మాన్పిస్తే కౌన్సిలు జరిమానా వేస్తుంది. 2024 ఆగస్టు నుంచి ఒక్కో పిల్లకు, తల్లికి 80 పౌండ్లు, తండ్రికి 80. పైగా ఆవిడ స్వయంగా టీచరు, నడుమ కదలడానికే లేదు. కాబట్టి ఈ కుటుంబం తమ సొంత సముద్రపు ఇంటికి వెళ్ళగలిగేది కచ్చితంగా ఆ ఆరు వారాల్లో. అద్దె పలికేదీ ఆ ఆరు వారాల్లోనే.

"అంటే అన్నయ్యగారూ, మనం అక్కడ ఎప్పుడుంటాం?"

ఏజెంటుకు ఫోను చేసి అదే అడిగాడు మా బావమరిది. స్పీకర్లో పెట్టాడు. అవతల్నుంచి ఎంతో ప్రేమగా జవాబొచ్చింది. "ఇల్లు మీది ఆబీ, ఎప్పుడైనా రండి. ఆగస్టులో మాత్రం రాకండి."

ఎర్ర తాపు ఫ్లాటున్న సముదాయంలోనే, కొలను పక్కన, స్వెట్టరు వేసుకుని పడక్కుర్చీలో ఒక ఇంగ్లీషాయన కనిపించాడు. తొలి విడతలో కొన్నవాళ్ళలో ఒకరు. ఏటా సీజను అయ్యాక వస్తాడట. ఒక వారం కొళాయిలు బాగుచేయిస్తాడు, ఇంకో వారం గోడలకు పట్టిన బూజు తుడుస్తాడు, వెళ్ళిపోతాడు. కొలనులో దిగారా అని మా చెల్లెమ్మ అడిగితే నవ్వాడు. ఆగస్టులో ఈ చోటు ఎలా ఉంటుందో అద్దెకొచ్చినవాళ్ళు పెట్టే ఫొటోల్లో చూస్తుంటానన్నాడు. బాగుంటుందట. ఆయన ముఖంలో విచారమేమీ లేదు. ఎటొచ్చీ, మేం కొనడానికి వచ్చామని తెలిశాక తన ఫ్లాటు కూడా చూస్తారా అని రెండుసార్లు అడిగాడు.

మధ్యాహ్నం పిల్లల గొడవ పడలేక అపోలో గుడికి వెళ్ళాం. టిక్కెట్టు కొన్నది గుడికి, నేను చూసింది ప్రాజెక్టు సైటు. క్రీస్తుపూర్వం 300 ప్రాంతాల్లో మొదలెట్టారు. నూటికి పైగా స్తంభాలతో ప్లాను వేశారు, ఒక్కొక్కటి ఇరవై మీటర్ల ఎత్తుకు దగ్గర. శతాబ్దాల తరబడి పని నడిచింది, పూర్తి కాలేదు. ఇప్పుడు నిండు ఎత్తున నిలబడినవి మూడు. అందులో ఒకదానికి చెక్కడపు గాళ్ళు పెట్టనే లేదు, నున్నగా అలాగే వదిలేశారు. మేస్త్రీ భోజనానికి వెళ్ళాడేమో. లోపలి ప్రాకారానికి పైకప్పు లేదు, అది మాత్రం మొదటి ప్లానులోనే లేదట. నన్ను నిలబెట్టేసినవి గోడలు. 1979లో హాసెల్‌బెర్గర్ అనే జర్మన్ పరిశోధకుడు ఆ రాళ్ళ మీద వెంట్రుకంత సన్నని గీతలు గమనించాడు. వెలుతురు ఏటవాలుగా పడితే తప్ప కనబడవు. స్తంభం ఉబ్బు ఎంత, పీఠం వంపు ఎక్కడ, అన్నీ గీసి ఉన్నాయి. అవి కట్టినవాళ్ళ వర్కింగ్ డ్రాయింగులు. గోడ పూర్తయ్యాక నునుపు చేసేటప్పుడు చెరిగిపోవాల్సినవి. నునుపు చేసే రోజు రాలేదు కాబట్టి ప్లాను మిగిలిపోయింది. నేను ఉద్యోగంలో ఉండగా శాంక్షన్డ్ ప్లాను కాపీ పోయిందని చెప్పని బిల్డరును చూడలేదు. ఇక్కడ రెండువేల మూడువందల ఏళ్ళయినా సైటులోనే ఉంది.

ఇది జోస్యం చెప్పే చోటు. లిడియా రాజు క్రీసస్ కూడా ఇక్కడికి మనుషుల్ని పంపి ప్రశ్న అడిగించాడని హెరోడటస్ రాశాడు. మా బావమరిది కూడా ఆ మెట్ల మీద కూర్చుని ఏజెంటుకు మెసేజి పెట్టాడు, అద్దెకివ్వడానికి పర్మిషన్లు ఏమైనా కావాలా అని. జవాబు వెంటనే వచ్చింది, నో ప్రాబ్లం అని. క్రీసస్‌కు వచ్చిన జవాబుల కన్నా స్పష్టంగానే ఉంది, కానీ నా అలవాటు కొద్దీ చట్టం చూశాను.

7464 నంబరు చట్టం. 2024 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. వంద రోజుల లోపు పర్యాటకులకు ఇల్లు అద్దెకివ్వాలంటే సాంస్కృతిక, పర్యాటక శాఖ పర్మిట్టు తీసుకోవాలి, తలుపు పక్కన దాని ఫలకం బిగించాలి. లేకుండా ఇస్తే, చట్టం వచ్చిన నాటి లెక్కలో, మొదటి దెబ్బ లక్ష లీరాలు, ఆపకపోతే పది లక్షల దాకా పెరుగుతుంది. పర్మిట్టుకు దరఖాస్తు చేయాలంటే ఆ బ్లాకులో ఉన్న ఫ్లాటు యజమానులందరూ ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి. రిసెప్షనూ సెక్యూరిటీ గట్రా ఉన్న హోటలు తరహా సముదాయాలకు మినహాయింపుంది. మన ఎర్ర తాపు బ్లాకులో రిసెప్షనంటే ఒక పిల్లి.

ఏకగ్రీవం! విజయవాడలో మా అపార్టుమెంటుకు నేను సెక్రటరీగా చేశాను. నా హయాంలో అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్న తీర్మానం ఒక్కటే, వాచ్‌మన్‌కు జీతం పెంచనక్కర్లేదని. 'ఫ్లాట్లను రోజువారీ అద్దెకు ఇచ్చుట నిషేధము' అని నేనే ఎర్రసిరాతో రాసి లిఫ్టులో అంటించాను. ఆ నోటీసును ఇక్కడ పార్లమెంటు చట్టం చేసి కూర్చోబెట్టింది. బావమరిది కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా నా ఛాతీ కాస్త ఉబ్బిన మాట నిజం.

వాడు ఓడిపోయే రకం కాదు. బ్లాకులో పదహారు ఫ్లాట్లు, పదహారు సంతకాలేగా అన్నాడు. జాబితా తెప్పించాడు. స్వెట్టరు ఇంగ్లీషాయన, తన ఫ్లాటు కొంటే సంతకం పెడతానన్నాడు. రోటర్‌డామ్‌లో స్థిరపడిన ఒక టర్కీ కుటుంబం ఫోనెత్తలేదు. ఒక ఫ్లాటు ఓనరు కాలం చేశాడు, వారసులు నాలుగు ఊళ్ళలో ఉన్నారు, వాళ్ళలో వాళ్ళకు మాటల్లేవు. అమ్ముడుపోని రెండు ఫ్లాట్లు ఇంకా బిల్డరు పేరనే ఉన్నాయి. తన ఆయిదాత్ బకాయి రద్దు చేస్తే పెడతానన్నాడు, రద్దు చేయడానికి మిగతా పద్నాలుగు మంది ఒప్పుకోవాలి. ఈ చిక్కు చూస్తే నాకు ఇంటికి వచ్చేసినట్టే అనిపించింది.

రెండో అంతస్తులో ఏడాది పొడవునా ఉండేది ఒక్కావిడే. అంకారాలో టీచరుగా చేసి రిటైరైన తేయ్‌జే. ముందు ఆవిడ దగ్గరకు వెళ్దాం, ఆవిడ పెడితే మిగతావాళ్ళూ పెడతారని మా చెల్లెమ్మ చెప్పింది. టీచర్లకు టీచర్ల సంగతి తెలుసు. గుమ్మం బయట చెప్పులు విడిచాం. లోపల అందరికీ సరిపడా గుడ్డ స్లిప్పర్లు వరసగా పెట్టి ఉన్నాయి. స్టవ్వు మీద ఒకదానిమీద ఒకటి రెండు కెటిళ్ళు. పైదాంట్లో చిక్కటి డికాషన్, కిందిదాంట్లో మరిగే నీళ్ళు. గ్లాసులో ముందు డికాషన్ పోసి, కిటికీ వెలుగులో పెట్టి రంగు చూసి, అప్పుడు నీళ్ళు కలిపింది. మా ఆవిడ ఆ పద్ధతి చూసి నావైపు తల ఊపింది. పరాయి వంటింటికి ఆవిడిచ్చే అత్యున్నత పురస్కారం అది.

మాటలన్నీ ఫోనులోని అనువాదం ద్వారా. ఎంతమంది పిల్లలు, సొంతిల్లా, జీతమెంత అన్న మూడు ప్రశ్నలూ ఆవిడ వరసగా అడిగింది, మన బంధువులెవరూ ఇంత త్వరగా అడగలేదు. తర్వాత విషయం విన్నది. ఫ్లాటు నంబరెంత? ధర ఎంత చెప్పారు, ఎంతకు దించారు? మా బావమరిది గర్వంగా చెప్పాడు, డెబ్బై అయిదు నుంచి డెబ్బై ఒకటికి లాక్కొచ్చానని. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. ఈయన బ్యాంకు మేనేజరా? కాగితాలన్నీ స్వయంగా చూశారా? నేను మొత్తం వివరించాను. ఎర్ర తాపు, ఇస్కాన్ ఉంది, తాకట్టు లేదు, దాస్క్ నడుస్తోంది, కట్టిన ఏడు 2009. నా సర్వీసు మొత్తంలో నన్ను ఇంత శ్రద్ధగా విన్న కస్టమరు లేరు. ఒకచోట నోటుబుక్కు తీసి రాసుకుంది కూడా.

సంతకం మాత్రం పెట్టలేదు. జూలై, ఆగస్టుల్లో కూతురూ అల్లుడూ మనవలూ వస్తారు, మెట్ల మీద తడి కాళ్ళతో కొత్త మొహాలు తిరగడం తనకు వద్దంది. ఇల్లు చాలక ఆ రెండు నెలలూ తను వరండాలో పడుకుంటుందట. మాకు చీజు నింపిన బోరెక్ పొట్లం కట్టి ఇచ్చి, మెట్లదాకా వచ్చి సాగనంపింది.

మేం రెడింగు చేరిన కొన్నాళ్ళకు ఏజెంటు మెసేజి పెట్టాడు. ఆ ఫ్లాటు అమ్ముడైపోయింది ఆబీ అని. ఎవరు కొన్నారంటే, రెండో అంతస్తు తేయ్‌జేగారి అల్లుడు. అద్దెకివ్వడానికి కాదు కాబట్టి ఏ సంతకాలూ అక్కర్లేదు. ధర డెబ్బై ఒకటి, వీడు దించిన దగ్గరే.

వారం తర్వాత కొరియరులో ఒక డబ్బా వచ్చింది. తేయ్‌జే పంపింది, పిస్తా వేసిన లోకుమ్ మిఠాయి. మా చెల్లెమ్మ ఒకటి నోట్లో వేసుకుని బాగున్నాయంది. మా ఆవిడ పిల్లలకు రెండేసి పంచింది. మా బావమరిది డబ్బా ఒళ్ళో పెట్టుకుని ముక్కలు లెక్కపెట్టాడు. నాలుగువేల పౌండ్లను ఇరవై నాలుగుతో భాగించి, ఒక్కోటి నూట అరవై ఆరు పౌండ్లు పడింది, పారేయకండి అన్నాడు.